ఎరువుకు, దిగుబడికి నడుమ ప్రమేయం: ఉత్తర తెలంగాణ వరి, పత్తి సాగు ఆధారంగా ఒక వివరణ

యాసంగి నాట్లు ముగిసి పైరు వేరూనుకొనే వేళకు కరీంనగర్, జగిత్యాల ప్రాంత గ్రామాలకు వెళ్లిన విస్తరణ శాస్త్రవేత్తకు తప్పక ఎదురయ్యే ప్రశ్న "ఎకరానికి యూరియా ఎన్ని బస్తాలు?" అన్నది. ప్రశ్న చిన్నది; అడిగినవారు ఆశించే జవాబు ఇంకా చిన్నది. రెండు అనో, మూడు అనో చెబితే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. కాని ఆ అంకె ఏ నేలకు, ఏ రకానికి, ఏ ముందు పంట తరువాత, ఎంత దిగుబడిని ఆశించి చెప్పబడినదో ఆ జవాబులో ఉండదు. పక్క ఊరి రైతు అదే అంకెను విని తన చెల్కలో పాటిస్తాడు. పైరు పడిపోతే, లేదా పసుపు రంగుకు తిరిగితే, తప్పు ఎరువుది కాదు, శాస్త్రవేత్తది అవుతుంది.

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఒక ప్రమేయం రూపంలోనే ఉండగలదు. ఎరువుల పరిశోధనలో వాడుతున్న సమీకరణాలు, భూసార పరీక్ష పట్టికలు, లక్షిత దిగుబడి సూత్రాలు అన్నీ ప్రమేయాలే. వాటిని ప్రమేయాలుగా గుర్తించి చదవడం వలన సిఫారసు ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది స్పష్టమవుతుంది. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణతో పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినప్పటికీ, ఈ వ్యాసంలో ఆ పేర్లను పాత హద్దులతోనే వాడడమైనది.

ప్రమేయం అనగా

"ఇందులో అతని ప్రమేయం లేదు" అన్నప్పుడు నిత్యవ్యవహారంలో ఈ మాటకు జోక్యం అని అర్థం. గణితంలో అర్థం వేరు. ఒక సమితిలోని ప్రతి మూలకానికి మరొక సమితిలోని ఒకే ఒక మూలకాన్ని జతచేసే నియమమే ప్రమేయం. మొదటి సమితిని ప్రదేశం అంటారు, రెండవది సహప్రదేశం, వాస్తవంగా లభించే ఫలితాల సమూహం వ్యాప్తి. ఇంటర్మీడియట్ గణితంలో తొలి అధ్యాయం ఇదే. అయితే వ్యవసాయ డిగ్రీలో చేరే విద్యార్థులలో అధికులు జీవశాస్త్రాల విభాగం నుండి వచ్చినవారు కనుక ఆ అధ్యాయం వారికి దాటిపోయి ఉంటుంది. తరువాత గణాంకశాస్త్రపు తరగతిలో ప్రతిగమన సమీకరణం నేరుగా ఎదురవుతుంది; దానికి పునాది ఏమిటో చెప్పేవారు తక్కువ.

పద్దెనిమిదవ శతాబ్దంలో ఆయిలర్ ప్రమేయాన్ని చలరాశులతో, స్థిరాంకాలతో కూర్చిన ఒక సూత్రంగా భావించాడు. 1837లో డిరిష్లే ఆ పరిమితిని తొలగించాడు: సూత్రం ఉన్నా లేకున్నా, ప్రతి విలువకు ఒక నిర్ణీత ఫలితం జతపడితే చాలు. ఈ రెండవ భావన వ్యవసాయానికి దగ్గరిది. గోడకు అతికించిన ఎరువుల మోతాదు పట్టికలో సమీకరణం ఏదీ ఉండదు. అయినా అది ప్రమేయమే. "వరికి ఎక్కడైనా ఇంతే" అని చెప్పే సాధారణ సిఫారసు కూడా ప్రమేయమే. ఏ నేలను ఇచ్చినా ఒకే ఫలితాన్నిచ్చే స్థిర ప్రమేయం. దానిలోని లోపం అంకెలో లేదు, నేలను చూడకపోవడంలో ఉంది.

నిర్వచనంలోని రెండు నిబంధనలను వేరువేరుగా గమనించాలి. ప్రతి ఇన్‌పుట్‌కు ఫలితం ఒక్కటే ఉండాలి, ఇది తప్పనిసరి. రెండు వేరు ఇన్‌పుట్లకు ఒకే ఫలితం రావచ్చు. దీనికి అభ్యంతరం లేదు. ఈ రెంటిలో మొదటిది పొలంలో భంగపడినట్లు తోస్తుంది. రెండవది సిఫారసులలో పెద్ద పొరపాట్లకు దారితీస్తుంది.

ఒకే మోతాదు, రెండు దిగుబడులు

పక్కపక్క మడులలో ఇద్దరు రైతులు ఎకరానికి రెండేసి బస్తాల యూరియా వేశారనుకుందాం. కోత తరువాత దిగుబడులు వేరుగా ఉంటాయి. ఒకే ఇన్‌పుట్‌కు రెండు ఫలితాలు వచ్చాయి కనుక యూరియాకు, దిగుబడికి ప్రమేయ సంబంధం లేదని చెప్పవలసి వస్తుంది. ఆ మాట నిజమే కూడా. దిగుబడి యూరియా బస్తాల ప్రమేయం కాదు. నేలలోని నత్రజని, భాస్వరం, పొటాష్, నీరు, రకం, నాటిన తేదీ, ముందు పంట వంటి ఎన్నో చలరాశుల ప్రమేయం. వాటిలో ఒక్కదానిని మాత్రమే రాసుకొని తక్కినవి మరచిపోవడం వలన సంబంధం చెదిరినట్లు కనబడుతుంది.

మరచిపోయిన ఇన్‌పుట్లలో కొన్ని బస్తాలోనే ఉంటాయి. డీఏపీ 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని ఉంది. నాటేటప్పుడు డీఏపీ వేసిన రైతు దానిని భాస్వరం ఎరువుగానే లెక్కిస్తాడు. ఆ 9 కిలోలు యూరియా లెక్కలోకి రావు. జీలుగను కలియదున్నిన మడిలో పచ్చిరొట్ట నుండి వచ్చే నత్రజనికి బస్తా లేదు కనుక అసలు లెక్కే లేదు. ఇక యూరియా బస్తా 2018 మార్చి నుండి 50 కిలోలకు బదులు 45 కిలోలతో వస్తున్నది. పూర్వం ఒక బస్తాతో 23 కిలోల నత్రజని చేరేది. ఇప్పుడు చేరేది 20.7 కిలోలు. బస్తాను కొలమానంగా పెట్టుకొని 2015 నాటి అనుభవాన్ని నేటికి అన్వయించే రైతుకు, తనకు తెలియకుండానే ఇన్‌పుట్ మారిపోయింది.

కనుక చలరాశిని రాసుకొనేటప్పుడు బస్తాలను కాక, అన్ని మూలాల నుండి అందిన పోషకాన్ని హెక్టారుకు కిలోలలో రాయడం మొదటి క్రమశిక్షణ. అయినా కొంత తేడా మిగులుతుంది. ఆ మిగులును గణాంకశాస్త్రం దోషపదంగా వేరుచేస్తుంది. దిగుబడి అనేది ప్రమేయపు విలువ, దోషపదం రెండింటి మొత్తం. దోషపదం పెద్దదిగా ఉన్నదంటే ప్రకృతి చంచలమైనదని వెంటనే నిర్ణయించరాదు. లెక్కలోకి రాని ఇన్‌పుట్ ఏదో బయట నిలిచి ఉందేమో ముందుగా వెదకాలి.

లెక్కలోకి రాని వాటిలో కాలం ఒకటి. అఖిల భారత దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల పథకం 1970లో ప్రారంభమైనది. జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో ఈ పథకం కింద 2000-01 నుండి వరి తరువాత వరి పండించే నల్లరేగడి క్షేత్రంలో ప్రయోగం సాగుతున్నది. సిఫారసు మోతాదులో 50, 100, 150 శాతం పోషకాలు, నత్రజని మాత్రమే, నత్రజనితో భాస్వరం, మూడు పోషకాలతో పాటు పశువుల ఎరువు వంటి అంశాలను అవే మడులలో ఏటేటా కొనసాగించడం ఇటువంటి ప్రయోగాల ప్రత్యేకత. నత్రజని ఒక్కటే వేసే మడి మొదటి ఏడాదులలో మంచి దిగుబడినే ఇవ్వవచ్చు. నేలలోని భాస్వరం, పొటాష్ నిల్వలు తరిగేకొద్దీ అదే మోతాదుకు దిగుబడి తగ్గడం దేశంలోని పలు దీర్ఘకాలిక ప్రయోగాలలో కనిపించిన ధోరణి. ఒక్క ఋతువులో గీసిన వక్రరేఖ ఆ ఏటి నేలకు మాత్రమే ఛాయాచిత్రం.

నాలుగు బిందువులు, రెండు రేఖలు

ఇప్పుడు ప్రధానమైన చిక్కు. ఒక వరి ప్రయోగంలో నత్రజనిని హెక్టారుకు 0, 60, 120, 180 కిలోల చొప్పున నాలుగు స్థాయిలలో పరీక్షించారని అనుకుందాం. సగటు దిగుబడులు వరుసగా 3000, 4440, 5160, 5160 కిలోలు. ఇవి వివరణ కోసం ఎంచుకొన్న అంకెలు. ఏ ప్రయోగ ఫలితాలూ కావు. అయితే క్షేత్రంలో కనిపించే ధోరణికి దూరమైనవి కావు: మొదట వేగంగా పెరుగుదల, తరువాత మందగింపు, ఆపై నిలకడ.

పరిశోధన వ్యాసాలలో తరచుగా వాడేది వర్గ ప్రమేయం. ఈ అంకెలకు అది ఇలా వస్తుంది:

దిగుబడి = 3000 + 30 × నత్రజని − 0.1 × (నత్రజని)²

60 కిలోల వద్ద 3000 + 1800 − 360, అనగా 4440. 120 వద్ద 3000 + 3600 − 1440, అనగా 5160. 180 వద్ద 3000 + 5400 − 3240, మళ్లీ 5160. నాలుగు బిందువుల గుండా ఈ వక్రం ఖచ్చితంగా పోతుంది. దీని అవకలజం 30 − 0.2 × నత్రజని. అది సున్న అయ్యేది 150 కిలోల వద్ద. అక్కడ గరిష్ఠ దిగుబడి 5250 కిలోలు.

మరొక ప్రమేయాన్ని చూద్దాం. 90 కిలోల వరకు ప్రతి కిలో నత్రజనికి 24 కిలోల ధాన్యం చొప్పున సరళరేఖలో పెరుగుతుంది. 90 దాటిన తరువాత 5160 వద్ద సమతలంగా నిలిచిపోతుంది. 60 వద్ద 3000 + 1440, అనగా 4440. 120 వద్ద, 180 వద్ద 5160. ఇది కూడా నాలుగు బిందువుల గుండా ఖచ్చితంగా పోతుంది.

రెండు ప్రమేయాలకూ నిర్ధారణ గుణకం సరిగ్గా ఒకటే. దత్తాంశం ఏ ఒక్కదానివైపూ మొగ్గడం లేదు. కాని మొదటి ప్రమేయం 150 కిలోలకు చేరువగా వేయమంటుంది. రెండవది 90 కిలోలతో ఆపమంటుంది.

ధరల లెక్క ఈ తగవును తీర్చగలదా? 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ చిల్లర ధర 266 రూపాయల 50 పైసలు. అందులోని 20.7 కిలోల నత్రజనికి కిలో ఒక్కింటికి సుమారు 12 రూపాయల 87 పైసలు పడుతుంది. 2024-25 వానాకాలానికి సాధారణ రకం వడ్ల కనీస మద్దతు ధర క్వింటాలుకు 2300 రూపాయలు, అనగా కిలో 23 రూపాయలు. ఈ రెండు ధరల నిష్పత్తి 0.56. చివరి కిలో నత్రజని కనీసం 0.56 కిలోల ధాన్యాన్ని తెచ్చేంత వరకు వేయడం లాభదాయకం. వర్గ ప్రమేయంలో ఆ బిందువు 147 కిలోలు. నత్రజని ధర మూడు రెట్లైనా అది 142కు మాత్రమే దిగుతుంది. సమతల ప్రమేయంలో ధర ఏదైనా లాభదాయక మోతాదు 90 కిలోలే. 90 వరకు ప్రతి కిలోకు 24 కిలోలు వస్తాయి, ఆ తరువాత ఏమీ రాదు. ధర మూడింతలైతే మోతాదు కదిలేది 5 కిలోలు. ప్రమేయపు రూపం మారితే కదిలేది 57 కిలోలు. ఎకరానికి ఇది ఒక బస్తాకు కొంచెం పైన. ఎరువు ధరల గురించి జరిగినంత చర్చ ప్రమేయపు ఎంపిక గురించి జరగకపోవడం ఆశ్చర్యకరం.

ఇది కేవలం తరగతి గది లెక్క కాదు. అమెరికాలోని అయోవా మొక్కజొన్న ప్రయోగాల దత్తాంశంపై సెరాటో, బ్లాక్‌మర్ 1990లో అగ్రానమీ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం ఇదే విషయాన్ని చూపింది. ఒకే దత్తాంశానికి అమర్చిన ఐదు ప్రమేయాల నిర్ధారణ గుణకాలు దాదాపు సమానంగా ఉండగా, అవి సూచించిన లాభదాయక మోతాదులు చాలా దూరంగా ఉన్నాయి. వర్గ ప్రమేయం అవసరానికి మించిన మోతాదును సూచించే స్వభావం కలదిగా తేలింది.

ప్రమేయపు రూపం వెనుక పైరు స్వభావం గురించిన ఒక వాదం దాగి ఉంటుంది. సమతల ప్రమేయం లీబిగ్ పేరిట ప్రసిద్ధమైన కనిష్ఠ సూత్రానికి దగ్గరిది: అన్నిటికన్నా కొరతగా ఉన్న పోషకమే దిగుబడిని నిర్ణయిస్తుంది, ఆ కొరత తీరాక మరొక కొరత అడ్డు నిలుస్తుంది. 1909లో మిట్షర్లిక్ ప్రతిపాదించినది వేరు: గరిష్ఠ దిగుబడికి ఎంత దూరాన ఉంటే, అదనపు పోషకానికి స్పందన ఆ మేరకు ఉంటుంది. అతని వక్రం గరిష్ఠాన్ని సమీపిస్తూ పోతుంది కాని కిందికి వంగదు. వర్గ ప్రమేయం ఈ రెండు వాదాలకూ చెందదు. కనిష్ఠ వర్గాల పద్ధతిలో సులభంగా లెక్కకు వస్తుందన్నదే దాని ప్రాచుర్యానికి ముఖ్య కారణం. అధిక నత్రజనితో పైరు పడిపోవడం, సుడిదోమ, పాముపొడ తెగులు, అగ్గితెగులు ఉధృతం కావడం వలన దిగుబడి తగ్గడం నిజమే. కాని ఆ తగ్గుదల గరిష్ఠానికి ఇరువైపులా అద్దంలో బింబంలా సమానంగా ఉంటుందని చెప్పడానికి వృక్షశాస్త్రంలో ఆధారం లేదు.

రెండు రేఖలలో ఏది సరైనదో తేల్చడానికి మార్గం ఉంది. 90 కిలోల వద్ద వర్గ ప్రమేయం 4890 కిలోలను, సమతల ప్రమేయం 5160 కిలోలను ఊహిస్తాయి. తేడా 270 కిలోలు. 150 వద్ద వాటి తేడా 90 కిలోలే. 30 వద్ద కూడా అంతే. అనగా ఈ ప్రయోగానికి 0–180 పరిధిలోనే ఐదవ స్థాయిని చేర్చాలంటే, 90 వద్ద చేర్చడం ఎక్కువ సమాచారాన్నిస్తుంది. 270 కిలోల తేడా ఒక్క క్షేత్రంలో సంక్లిష్ట భేదం కన్నా తక్కువగా ఉండవచ్చు. అప్పుడు పునరావృతాలను, క్షేత్రాలను పెంచవలసి వస్తుంది. స్నాతకోత్తర పరిశోధనకు అంశాల స్థాయిలను నిర్ణయించే దశలోనే విద్యార్థి ఈ లెక్క వేసుకోవడం మేలు; కోత తరువాత వేస్తే ప్రయోజనం లేదు.

వెనుకకు చదవడం

దిగుబడి నుండి మోతాదును తెలుసుకోవాలనుకున్నప్పుడు విలోమ ప్రమేయం అవసరమవుతుంది. పై వర్గ ప్రమేయంలో హెక్టారుకు 5000 కిలోల దిగుబడికి నత్రజని ఎంత అని అడిగితే సమీకరణానికి రెండు మూలాలు వస్తాయి: 100, 200. వీటిలో 200 ప్రయోగంలో పరీక్షించిన 0–180 పరిధికి వెలుపలిది. దాని గురించి మాట్లాడే అధికారం ఆ సమీకరణానికి లేదు. 5160 కిలోలను అడిగితే 120, 180 రెండూ పరిధిలోనివే; సమతల ప్రమేయంలోనైతే 90 నుండి 180 వరకు ఏదైనా జవాబే. 5400 కావాలంటే వాస్తవ మూలమే లేదు. ఆ దిగుబడి వ్యాప్తిలో లేదు.

రెండు ఇన్‌పుట్లకు ఒకే ఫలితం రావచ్చన్న నిబంధన ఇక్కడ తన ప్రభావాన్ని చూపుతుంది. మంచి దిగుబడి తీసిన రైతు మోతాదును చూసి "అంత వేశాడు కాబట్టి అంత పండింది" అని చెప్పుకొనేవారు 180 కిలోల వద్ద నిలబడి ఉన్న మనిషిని చూసి 120 సంగతి మరచిపోతున్నారు. విలోమం ప్రమేయం కావాలంటే అసలు ప్రమేయం అన్వేకంగా ఉండాలి. అందుకు ప్రదేశాన్ని పెరుగుదల భాగానికి, అనగా ఇక్కడ 0–150కి, కుదించాలి.

లక్షిత దిగుబడి విధానం సరిగ్గా ఇటువంటి విలోమమే. రామమూర్తి, ఆయన సహచరులు 1967లో గోధుమపై ప్రతిపాదించిన ఈ భావన భూసార పరీక్ష, పంట స్పందనల సమన్వయ పథకానికి ఆధారమైంది. క్వింటాలు దిగుబడికి పైరు తీసుకొనే పోషకం, నేలలోని పోషకంలో పైరుకు అందే శాతం, ఎరువులోని పోషకంలో పైరుకు అందే శాతం అనే మూడింటిని క్షేత్రంలో లెక్కగట్టి సూత్రాన్ని రూపొందిస్తారు. క్వింటాలు ధాన్యానికి 1.8 కిలోల నత్రజని కావాలని, నేల నుండి 22.5 శాతం, ఎరువు నుండి 45 శాతం అందుతుందని ఉదాహరణకు తీసుకుంటే సూత్రం ఇలా ఉంటుంది:

వేయవలసిన నత్రజని = 4 × లక్షిత దిగుబడి − 0.5 × నేలలోని లభ్య నత్రజని

దిగుబడి హెక్టారుకు క్వింటాళ్లలో, నత్రజని కిలోలలో. 60 క్వింటాళ్ల లక్ష్యానికి, నేలలో 240 కిలోలుంటే 120 కిలోలు వేయాలి. సూత్రం సరళరేఖ కనుక ఎంతటి లక్ష్యాన్నైనా ప్రతిక్షేపించవచ్చు. 100 క్వింటాళ్లు అడిగితే అది సంకోచించకుండా 280 కిలోలు అంటుంది. అంత పండించే శక్తి రకానికి ఉన్నదా అని సూత్రం ప్రశ్నించదు. ప్రదేశాన్ని రాయకుండా సూత్రాన్ని మాత్రమే కరపత్రంలో ముద్రించడం అందుకే ప్రమాదకరం. ఏ నేలలో, ఏ రకాలతో, ఎంత లక్ష్యం వరకు పరీక్షించారన్నది సూత్రంలో భాగమే.

మెట్లు, వాలు

భూసార పరీక్ష పత్రం ఆధారంగా మోతాదును సవరించే వాడుక పద్ధతి మరొక రకం ప్రమేయం. సుబ్బయ్య, ఆసిజ 1956లో ప్రతిపాదించిన పరీక్ష పద్ధతిలో లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ, 280–560 మధ్యస్థం, 560 దాటితే ఎక్కువ అని వర్గీకరిస్తారు. తక్కువైతే సిఫారసును 30 శాతం పెంచి, ఎక్కువైతే 30 శాతం తగ్గించి చెప్పడం అలవాటు. సిఫారసు 120 కిలోలనుకుంటే మూడు విలువలు మాత్రమే లభిస్తాయి: 156, 120, 84. ఇది సోపాన ప్రమేయం.

మెట్టు అంచున ఉన్న రైతు సంగతి ఆలోచించాలి. పరీక్షలో 279 వచ్చినవారికి 156 కిలోలు, 281 వచ్చినవారికి 120 కిలోలు. రెండు కిలోల తేడా ప్రయోగశాలలో అదే నమూనాను రెండుసార్లు పరీక్షించినా రావచ్చు. కాని సిఫారసు 36 కిలోలు దూకింది. పై లక్షిత దిగుబడి సూత్రంలో అదే రెండు కిలోల తేడాకు సిఫారసు ఒక కిలో మాత్రమే మారుతుంది. 100 కిలోలున్న చెల్కకు, 270 కిలోలున్న నేలకు సోపాన ప్రమేయం ఒకే జవాబు చెప్పడం ఇంకొక లోపం. అయినప్పటికీ మెట్ల పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చడం సరికాదు. మూడు మాటలలో గుర్తుంచుకోగలగడం విస్తరణలో చిన్న గుణం కాదు. అంచుల వద్ద ఉన్న పత్రాలకు మాత్రం శాస్త్రవేత్త రెండు విలువల నడుమ తన వివేకంతో చెప్పవలసి ఉంటుంది.

వేపపూత ఏ ప్రమేయాన్ని మార్చింది?

వేసిన నత్రజని నేరుగా ధాన్యంగా మారదు. వేసిన నత్రజని నుండి పైరు గ్రహించిన నత్రజనికి ఒక ప్రమేయం, గ్రహించిన దాని నుండి ధాన్యానికి మరొక ప్రమేయం; మొత్తం సంబంధం ఈ రెంటి సంయోగం. మొదటి దశలోనే నష్టం ఎక్కువ. నీరు నిలిచిన వరి మడిలో అమ్మోనియా ఆవిరి కావడం, నైట్రేటు వాయురూపంలో పోవడం, లోపలికి ఇంకిపోవడం వంటి కారణాల వలన వేసిన నత్రజనిలో పైరుకు అందేది సాధారణంగా 30–40 శాతమే. 2015లో దేశీయ యూరియా అంతటికీ తప్పనిసరి చేసిన వేపపూత, విడతలుగా వేయడం, బురద పదునులో వేసి తరువాత నీరు పెట్టడం ఇవన్నీ మొదటి ప్రమేయాన్ని మారుస్తాయి. రకాన్ని మార్చడం ముఖ్యంగా రెండవదానిని మారుస్తుంది. జగిత్యాల నుండి వెలువడిన సన్న రకాలకు, దొడ్డు రకాలకు ఒకే మోతాదు చెప్పేటప్పుడు ఈ రెండవ దశను గుర్తుంచుకోవాలి. కాండం గట్టిదనం, పంటకాలం వేరైతే అదే నత్రజని వేరు ఫలితాన్నిస్తుంది.

ఆదిలాబాద్‌లో వాన ఒక చలరాశి

కాకతీయ కాలువ కింద, బావుల కింద సాగే కరీంనగర్ వరిలో నీరు చాలావరకు రైతు చేతిలోని ఇన్‌పుట్. ఆదిలాబాద్ నల్లరేగడిలో వర్షాధారంగా సాగే పత్తికి అలా కాదు. అక్కడ దిగుబడి కనీసం రెండు చలరాశుల ప్రమేయం: రైతు నిర్ణయించే నత్రజని, రైతు చేతిలో లేని వాన. ఈ రెండూ విడివిడిగా కూడికలో చేరవు. ఒకదాని ప్రభావం మరొకదాని విలువపై ఆధారపడుతుంది. నేలలో పదును లేనప్పుడు వేసిన యూరియా వేరుకు అందదు. పదును అధికమై నీరు నిలిచినప్పుడు అందినదీ నష్టపోతుంది. నడుమ ఒక పరిధిలో మాత్రమే నత్రజని వక్రపు వాలు నిటారుగా ఉంటుంది. నీటిపారుదల క్షేత్రంలో గీసిన వక్రాన్ని వర్షాధార చేనుకు తెచ్చి చెప్పడం, రెండు చలరాశుల ప్రమేయంలో ఒకదానిని ఎవరూ చెప్పకుండానే స్థిరపరచడమే అవుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. విత్తే రోజున ఆ ఏటి వాన ఎవరికీ తెలియదు. తెలియని ఇన్‌పుట్‌కు ప్రమేయం విలువ చెప్పలేదు. పత్తికి నత్రజనిని విత్తిన 20, 40, 60, 80 రోజులకు విడతలుగా వేయమని చెప్పడంలోని మరొక మేలు ఇక్కడ తెలుస్తుంది: ప్రతి విడతకు ముందు అప్పటివరకు పడిన వాన తెలిసిన విలువగా మారుతుంది. అప్పుడు సిఫారసు విత్తే రోజున నిర్ణయమైన నాలుగు అంకెల జాబితాగా ఉండవలసిన పని లేదు. 40వ రోజున పదును లేకుంటే ఆ విడతను ఆపి వాన తరువాత వేయడం, వరుసగా వానలు కురిసి మొక్క ఏపుగా, ఆకులు ముదురు పచ్చగా ఉంటే తరువాతి విడతను తగ్గించడం, పూత, కాయ రాలిన చేనులో చివరి విడత అవసరమా అని చూడడం ఇవన్నీ వాన, పైరు స్థితి ఇన్‌పుట్లుగా, ఎరువు ఫలితంగా గల నిర్ణయ ప్రమేయాలు. రైతులు వీటిని అనుభవంతో పాటిస్తూనే ఉన్నారు. పట్టికలలోకి మాత్రం తక్కువగా వచ్చాయి.

ఇటువంటి పట్టికలను తయారుచేయాలంటే ప్రయోగ నివేదికలో ఋతువు మొత్తపు వర్షపాతం ఒక్కటే సరిపోదు. ఒకే మొత్తం వాన జూలైలో కుండపోతగా పడినా, సెప్టెంబరు వరకు పంచుకొని పడినా నివేదికలో ఒకే అంకెగా కనిపిస్తుంది. పత్తికి మాత్రం అవి రెండు వేరు సంవత్సరాలు. మండల స్థాయిలో స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నందున రోజువారీ లెక్క దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ప్రతి విడత ఎరువుకు ముందు పది రోజులలో, తరువాత పది రోజులలో పడిన వానను మోతాదు పక్కనే రెండు గళ్లలో నమోదు చేస్తే, ఏ విడత ఏ పదునులో ఎంత స్పందననిచ్చిందో కొన్ని ఋతువులకైనా లెక్కతేల్చడానికి దత్తాంశం సమకూరుతుంది.